గర్భసంచి ఆపరేషన్ తర్వాత నా మనసుకి ఏమైందంటే

నమస్తే అండీ. తొమ్మిది వారాల తర్వాత మళ్లీ కెమెరా ఆన్ చేశాను. పొద్దున్న ఆరున్నరైంది, ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. ఈ వీడియో తీయడం ఇది మూడోసారి. మొదటిసారి మధ్యలో ఏడుపొచ్చి ఆపేశాను. రెండోసారి చాలా ధైర్యంగా మాట్లాడాను, తర్వాత చూసుకుంటే ఆ మాటలు నావనిపించలేదు. ఈసారి ఎలా వస్తే అలా చెప్పేస్తాను.

నాకు గర్భసంచి తీసేశారు. నా వయసు 43. ఫైబ్రాయిడ్స్, అంటే గర్భసంచిలో పెరిగే గడ్డలు. క్యాన్సర్ కాదు. కానీ మూడేళ్లుగా నెలకి పది రోజులు బ్లీడింగే. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది, నాలుగు మెట్లెక్కితే గుండె దడ. మాత్రలు వాడాను. హార్మోన్ కాయిల్ పెట్టించుకున్నాను, అదీ నిలవలేదు. చివరికి ఆపరేషన్ కావాలని నేనే అడిగాను. లాప్రోస్కోపీలో, అంటే పొట్టమీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌లో, గర్భసంచి, దాని ముఖద్వారం, ట్యూబులు తీశారు. అండాశయాలు బాగానే ఉన్నాయని ఉంచేశారు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

మొదటి వారం నొప్పి, మందులు, నిద్ర, అంతే. రెండో వారం లేచి తిరిగాను. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి ఉతికిన బట్టల బుట్ట కూడా మా ఆయనే మోశారు. మా చిన్నవాడికి ఐదేళ్లు. వాడు రెండు చేతులూ చాచి 'ఎత్తుకో' అంటే ఎత్తుకోలేక, నేనే కింద కూర్చుని వాణ్ణి ఒళ్లోకి లాక్కునేదాన్ని. శరీరం మాత్రం రోజురోజుకీ తేరుకుంటోంది. అందరికీ అదే చెప్పాను, బాగున్నానని.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోన్‌లో చిన్న చప్పుడు. నెలసరి తేదీలు గుర్తుపెట్టే యాప్ ఒకటి ఉంటుంది కదా, దాన్నుంచి. 'రెండు రోజుల్లో మీ పీరియడ్ రావచ్చు' అని. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నేలమీద కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కుట్ల దగ్గర నొప్పి పుడుతోంది, పొట్టకి దిండు అదుముకుని మరీ ఏడ్చాను. మూడేళ్లు ఆ డేట్ వస్తోందంటేనే వణికిపోయాను. ఇంకెప్పుడూ రాదంటే ఇంత దుఃఖం ఎందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు.

ఎవరికి చెప్పినా ఒకటే మాట. 'ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక దానితో పనేముంది?' 'పీడ విరగడైంది, హాయిగా ఉండు.' ఎవరూ చెడు ఉద్దేశంతో అనలేదు. నేను కూడా ఇంతకుముందు ఒక స్నేహితురాలితో ఇలాంటి మాటే అన్నాను. మొన్న ఫోన్ చేసి తనకి సారీ చెప్పాను. ఎందుకంటే ఆ మాట విన్నాక మనిషి నోరు మూసుకుంటుంది. ఏడుపు మాత్రం ఆగదు, తలుపేసుకుని ఏడుస్తుంది.

ఆరో వారం చెకప్‌లో డాక్టర్ గారిని రెండు విషయాలు అడిగాను. లోపల ఇప్పుడు ఖాళీగా ఉంటుందా అన్నది మొదటిది. రాత్రిళ్లు పక్కకి తిరిగి పడుకుంటే లోపలంతా డొల్లగా ఉన్నట్టు అనిపించేది. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గర్భసంచి ఉన్న చోటులోకి పేగులు సర్దుకుంటాయట, ఖాళీ అంటూ మిగలదు. యోని పైభాగాన్ని కుట్టి మూసేస్తారు. ఆ బొమ్మ చూశాక ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది. ఆ కాగితం నా దగ్గరే దాచుకున్నాను.

రెండోది, బ్లీడింగ్ లేకపోయినా నెలలో ఆ నాలుగు రోజులూ నాకు రొమ్ముల్లో బరువు, ఊరికే చిరాకు ఎందుకొస్తున్నాయని. అదిగో, అండాశయాలు ఉంచేశారన్నాను కదా, సంగతంతా అక్కడుంది. అవి ఉన్నంతకాలం హార్మోన్లు ఎప్పటిలాగే నెలనెలా ఎక్కుతాయి, దిగుతాయి. రక్తం కనిపించదు, మిగతావన్నీ రావచ్చు. అండాశయాలు ఉంచినా కొంతమందికి మెనోపాజ్, అంటే అండాశయాల పని ఆగిపోయే దశ, కాస్త ముందుగా వస్తుందని కూడా చెప్పారు. అదే రెండు అండాశయాలూ తీసేస్తే, అప్పటిదాకా నెలసరి వస్తున్నవాళ్లకి, వయసు ఎంతైనా సరే, మెనోపాజ్ వెంటనే మొదలవుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, మనసు ఒక్కసారిగా దిగజారడం. మామూలుగా మెల్లమెల్లగా జరిగే మార్పు వాళ్లకి కొన్ని రోజుల్లోనే మీద పడుతుంది. దానికి హార్మోన్ చికిత్స ఉంది. గర్భసంచి లేనివాళ్లకి చాలావరకు ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. కొన్ని క్యాన్సర్లు వచ్చినవాళ్లకి అది పనికిరాదు, అందుకే డాక్టర్‌ని అడగాలి. మీకు ఆపరేషన్ అయివుంటే, ఏమేం తీశారో ఆ రిపోర్ట్ అడిగి తీసుకుని చదవండి. మీ చిరాకు మీ గుణం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు అది తెలియాలి.

ఆరోజే నర్సు గారు ఒక కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో మనసు ఎలా ఉందని తొమ్మిది ప్రశ్నలు. నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన వస్తోందా అని ఆఖర్న. ఆ ఆఖరిదానికి 'లేదు' అని టిక్ పెట్టాను. పైవాటిలో మాత్రం చాలావాటికి 'దాదాపు రోజూ' అని పెట్టాల్సి వచ్చింది. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాను, నిజం రాయాలా వద్దా అని. రాశాను. మీలో ఎవరికైనా ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు 'అవును' అయితే, అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఈరోజే, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

నన్ను కౌన్సెలర్ దగ్గరికి పంపారు. రెండుసార్లు వెళ్లాను, గురువారం మళ్లీ వెళ్లాలి. ఆవిడ నన్ను ఓదార్చలేదు. 'ఏం పోయిందని అనిపిస్తోందో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి' అన్నారు. పిల్లలు పుట్టే అవకాశం పోయిందనా? కాదు, నాకు ఇంకో బిడ్డ వద్దు. ఆడతనం పోయిందనా? అదీ కాదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒకటి దొరికింది. నా ఆఖరి పీరియడ్ వచ్చి వెళ్లిపోయింది, అది ఆఖరిదని నాకు తట్టనేలేదు. దాన్ని తిట్టుకుంటూ, నొప్పి మాత్రలు మింగుతూ గడిపేశాను. పదమూడేళ్ల వయసు నుంచి ఉన్న ఒక తోడు వెళ్లిపోతుంటే నేను తల తిప్పి కూడా చూడలేదు. ఈ మాట బయటికి వచ్చాక ఏడుపు పోలేదు కానీ, దానికో కారణం దొరికింది.

ఇంకో మాట. హిస్టీరియా అనే పదం గ్రీకు భాషలో గర్భసంచికి ఉన్న పేరు నుంచే పుట్టింది. గర్భసంచి తీసే ఈ ఆపరేషన్‌ని హిస్టరెక్టమీ అంటారు, అందులో ఉన్నదీ ఆ పదమే. ఆడదాని ఏడుపుకి, కోపానికి, బాధకి గర్భసంచే కారణమని వందల ఏళ్లు అన్నారు. నాకది తీసేసి తొమ్మిది వారాలైంది. నా బాధ నాకుంది. అది మనసుకి సంబంధించిన బాధ, దాన్ని బాధగానే చూడండని నా కోరిక.

మా ఆయన గురించి చెప్పాలి. మొదట్లో నేను ఏడ్చినప్పుడల్లా 'డాక్టర్‌కి ఫోన్ చేయనా?' అని కంగారుపడేవారు. ఒకరోజు చెప్పాను, 'ఏమీ చేయకండి, పక్కన కూర్చోండి చాలు' అని. ఇప్పుడు వచ్చి కూర్చుంటారు. దగ్గరయ్యే విషయంలో నాకు చాలా భయం ఉండేది, కుట్లు ఏమవుతాయో, మునుపటిలా ఉంటుందో లేదో అని. డాక్టర్ చూసి సరేనన్న తర్వాత కూడా తొందరపడలేదు. ఆ భయం కూడా నోరు తెరిచి చెప్పాకే తగ్గింది.

అమ్మ ఇక్కడికి రాలేకపోయింది. మోకాళ్ల నొప్పులతో అంత ప్రయాణం చేయలేదు. రోజూ వీడియో కాల్‌లో 'తిన్నావా, పడుకున్నావా' అని అడిగేది, నేను 'బాగున్నానమ్మా' అనేదాన్ని. పోయిన ఆదివారం అబద్ధం చెప్పలేకపోయాను. 'ఏడుపొస్తోందమ్మా, ఎందుకో తెలియట్లేదు' అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా అంది, 'నాకూ అంతేనే. బాత్‌రూమ్‌లో పంపు తిప్పుకుని ఏడ్చేదాన్ని.'

అమ్మకి ఆ ఆపరేషన్ అయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. కడుపులో గడ్డ తీశారని మాకు చెప్పారు. ఆ రోజుల్లో బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించేది. ఇన్ని నీళ్లు వృథా చేస్తుందేంటని ఒకసారి విసుక్కున్నాను కూడా. ఆ సంగతి అమ్మకి గుర్తుందో లేదో అడిగే ధైర్యం రాలేదు. 'ఎవరికీ చెప్పలేదా అమ్మా?' అంటే, 'ఎవరడిగారే?' అంది.

ఆ ఆదివారం నుంచి మేమిద్దరం రోజూ ఇదే మాట్లాడుకుంటున్నాం. అమ్మ ముప్పై ఏళ్ల కిందటి సంగతులు ఒక్కొక్కటీ చెబుతోంది. నిన్న కొత్తగా ఒకటి మొదలుపెట్టి, మధ్యలో ఎవరో వచ్చారని ఆపేసింది. మిగతాది ఈ పూట చెబుతానంది. అదిగో, అమ్మ కాల్ వస్తోంది. అక్కడ సాయంత్రమైనట్టుంది. ఉంటానండీ.