పురుగు రూపం, నత్త చుట్టరికం

నమస్కారం. జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాలలో మొలస్కా వర్గం అధ్యాయం తెరిస్తే, నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌ల కంటే ముందు, పట్టిక పైభాగంలో అప్లాకోఫోరా అనే, పురుగుల్లా ఉండే సముద్ర జీవుల విభాగం, దాని పక్కన నియోమీనియా, కీటోడెర్మా అనే రెండు ఉదాహరణలు తరచుగా కనిపిస్తాయి. పరీక్ష కోసం ఆ పేర్లను బట్టీపట్టి మర్నాడే మరచిపోయినవారిలో నేనూ ఒకణ్ణి. పట్టికలో వాటికి మొదటి స్థానం ఎందుకిచ్చారన్న ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు. పెంకు లేదు, తల స్పష్టంగా లేదు, కొన్నింటికి పాదమైనా లేదు కాబట్టి మొలస్కా వర్గంలో ఇవే అన్నిటికంటే పాతవనే నమ్మకం ఆ వరుస వెనుక ఉంది. ఆ నమ్మకం ఎలా పుట్టిందో, 2011 తర్వాత ఎలా తలకిందులైందో ఈ వీడియోలో చూద్దాం.

ముందు జీవిని దగ్గరగా చూద్దాం. వీటిలో చాలా జాతుల పొడవు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. ఎపిమీనియా ప్రజాతిలోని కొన్ని మాత్రం 30 సెంటీమీటర్లకు చేరువగా పెరుగుతాయి. ఒంటినిండా అవభాసిని అనే పొర, ఆ పొరలో పాతుకున్న లెక్కలేనన్ని సున్నపు ముళ్లు లేదా పొలుసులు ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పక్కనుంచి వెలుతురు పడితే ఆ ముళ్లు వెండి జరీలా మెరుస్తాయి. నార్వే తీరంలో దొరికే ఒక జాతికి వైరీనియా అర్జెంటియా, అంటే వెండిలాంటిది అని పేరు పెట్టడం ఊరికే కాదు. ఇంతవరకు చూస్తే ఇది ముళ్లున్న పురుగే. నోరు తెరిచి చూస్తే మాత్రం చాలా జాతులలో రాడ్యులా కనిపిస్తుంది. వరుసలుగా పళ్లున్న ఈ నాలుకలాంటి భాగం మొలస్కా వర్గానికి ఇంటిపేరు లాంటిది.

ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చెప్పాలి. పురుగులా ఉండే మొలస్కు అనగానే కోస్తా ప్రాంతం వారికి పడవల చెక్కను, రేవుల్లోని కొయ్య స్తంభాలను తొలిచేసే టెరిడో గుర్తుకురావచ్చు. విశాఖ రేవులో ఇలాంటి తొలిచే జీవుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు గత శతాబ్దం మధ్యకాలంలో చాలా పని చేశారు. టెరిడో పొడవుగా, మెత్తగా ఉన్నా అది ఆల్చిప్పల కుటుంబంలోని జీవే; దాని రెండు చిప్పలు తల దగ్గర కుదించుకుపోయి చెక్కను అరగదీసే పనిముట్లుగా మారాయి. ఆ సంగతిని 1733లోనే సెల్లియస్ అనే పండితుడు గుర్తించాడు. మనం ఈరోజు మాట్లాడుకునేవి టెరిడోకు చాలా దూరపు చుట్టాలు. రెండూ పురుగు రూపానికి వేర్వేరు దారుల్లో చేరుకున్నాయి. రూపం చూసి చుట్టరికం కలిపితే ఏమవుతుందో ఈ కథంతా చెబుతుంది కాబట్టి ఈ ఉదాహరణను గుర్తుపెట్టుకోండి.

అప్లాకోఫోరా కింద రెండు గుంపులున్నాయి. మొదటివి సోలెనోగాస్టర్లు. వీటి కడుపు వైపున తల నుంచి తోక దాకా సన్నని గాడి, ఆ గాడిలో శైలికలు, అంటే కదిలే సూక్ష్మమైన వెంట్రుకలు ఉన్న సన్నని పాదం ఉంటాయి. జిగురు చిమ్ముకుంటూ దాని మీద మెల్లగా జారుతాయి. ఇవి ఉభయలింగ జీవులు. చాలావరకు హైడ్రాయిడ్లు, పగడాల వంటి నిడేరియా జీవులను తింటాయి, కొన్నయితే తాము తినే పగడపు కొమ్మకే చుట్టుకుని బతుకుతాయి. రెండోవి కాడోఫోవియేట్లు. వీటికి పాదం అసలు లేదు. బురదలోకి తలకిందులుగా దిగి, ఫొరామినిఫెర వంటి సూక్ష్మజీవులను ఏరుకు తింటూ, వెనుక కొసన ఉన్న ఒక జత మొప్పలను మాత్రం బురద పైకి పెట్టి ఊపిరి తీసుకుంటాయి. వీటిలో ఆడ, మగ వేరు. సోలెనోగాస్టర్లలో పేరు పెట్టినవి సుమారు 300 జాతులు, రెండో గుంపులో అందులో సగం కూడా లేవు.

కీటోడెర్మాను 1844లో స్వీడన్ శాస్త్రవేత్త స్వెన్ లోవెన్ మొదట వర్ణించాడు. అది మొలస్కు కావచ్చన్న అనుమానం కూడా అప్పుడు ఎవరికీ రాలేదు. కొన్ని దశాబ్దాల పాటు దాన్ని సముద్ర దోసకాయల పక్కన, సముద్రపు పురుగుల పక్కన పెట్టి చూశారు. 1875లో టైకో టుల్‌బర్గ్ నియోమీనియాను వర్ణించాక ఈ రెండింటి మధ్య పోలికలు బయటపడ్డాయి. మరుసటి సంవత్సరమే హెర్మన్ ఫాన్ ఇహరింగ్ అప్లాకోఫోరా, అంటే పలకలు ధరించనివి అనే పేరు పెట్టి, వీటిని కైటాన్‌లతో కలిపి ఒక గూటికి చేర్చాడు. కైటాన్ అంటే వీపు మీద ఎనిమిది పలకలతో సముద్రపు రాళ్లను కరుచుకుని ఉండే జీవి. అదే గూటికి 1891లో హాట్‌షెక్ అక్యులిఫెరా, అంటే ముళ్లు ధరించినవి అని పేరు పెట్టాడు. కైటాన్ పలకల చుట్టూ ఉండే అంచు మీద కూడా ఇలాంటి సున్నపు ముళ్లే ఉండటం ఆ పేరుకు ఆధారం. అంటే సరైన జవాబు పందొమ్మిదో శతాబ్దంలోనే కాగితం మీద ఉంది. దాన్ని నిరూపించడానికి వందేళ్లకు పైగా పట్టింది.

ఎందుకు పట్టిందంటే, రెండు బలమైన వాదాలు ఎదురుబొదురుగా నిలిచాయి. వియన్నాలో లూయిట్‌ఫ్రీడ్ ఫాన్ సాల్వీని-ప్లావెన్ వాదన ప్రకారం మొదటి మొలస్కు పెంకు లేని పురుగులాంటి జీవి. దాని నుంచి ముందు ఈ రెండు గుంపులు విడివిడిగా చీలిపోయాయి, ఆ తర్వాతే పలకలు, పెంకులు వచ్చాయి. కాబట్టి కైటాన్ దగ్గరి బంధుత్వం నత్తలు, ఆల్చిప్పలతోనే. వాటన్నిటినీ కలిపి ఆయన టెస్టేరియా, అంటే పెంకు గలవి అన్నారు. అమెరికాలో వుడ్స్ హోల్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేసిన అమేలీ షెల్టెమా దీనికి ఎదురు నిలిచారు. ఈ జీవుల సరళత పూర్వీకుల నుంచి మిగిలినది కాదని, ఎదుగుదల మధ్యలో ఆగిపోయి, బాల్య రూపంలోనే సంతానోత్పత్తికి వచ్చిన జీవులలో కనిపించే సరళత అని ఆమె 1993లో వాదించారు. ఇద్దరూ ఒకే శరీర నిర్మాణాన్ని చూశారు. ఒకరికి అది ఇంకా కట్టని ఇల్లుగా కనిపిస్తే, మరొకరికి కూల్చిన ఇల్లుగా కనిపించింది. నాకు ఈ తగువులో అన్నిటికంటే నచ్చేది ఇదే.

2011లో రెండు వేర్వేరు పరిశోధక బృందాలు, కెవిన్ కోకాట్ నాయకత్వంలో ఒకటి, స్టీఫెన్ స్మిత్ నాయకత్వంలో మరొకటి, వందలాది జన్యువులను పోల్చి కట్టిన వంశవృక్షాలను నేచర్ పత్రికలో ప్రచురించాయి. రెండు వృక్షాలలోనూ పురుగు రూపపు గుంపులు రెండూ ఒకదానికొకటి సోదర సమూహాలుగా, వాటికి దగ్గరి చుట్టం కైటాన్‌గా తేలింది. నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌లు మరో పెద్ద కొమ్మ మీద ఉన్నాయి. అక్యులిఫెరా తిరిగి నిలబడింది.

జన్యువులు చుట్టరికం చెప్పగలవు కానీ, పూర్వీకుడి ముఖం చూపించలేవు. ఆ లోటును మరుసటి ఏడాది ఒక శిలాజం తీర్చింది. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో 42.5 కోట్ల సంవత్సరాల కిందట అగ్నిపర్వత బూడిద సముద్రపు అడుగును కప్పేసింది. ఆ బూడిదలో గట్టిపడిన ముద్దల్లో మెత్తని శరీరాలు కూడా అచ్చుపడి నిలిచాయి. ఇక్కడి శిలాజాలను రాతి నుంచి విడదీయడం సాధ్యం కాదు. అందువల్ల మార్క్ సటన్ బృందం ముద్దను వెంట్రుక మందం కంటే పలుచని పొరలుగా అరగదీస్తూ, ప్రతి పొరకూ ఫోటో తీసి, ఆ ఫోటోలను కంప్యూటర్‌లో పేర్చి జీవిని తిరిగి నిర్మించింది. పని పూర్తయ్యేసరికి శిలాజం ఉండదు, దాని త్రిమితీయ చిత్రం మాత్రమే మిగులుతుంది. అలా బయటపడిన జీవికి కులిండ్రోప్లాక్స్ అని పేరు పెట్టారు. గుండ్రని పురుగు దేహం, ఒంటినిండా ముళ్లు, వీపు మీద కైటాన్ తరహా పలకలు ఏడు. పురుగు దేహం, పలకలు ఒకే ఒంటి మీద ఉన్నాయి! పలకలు ధరించనివి అని పేరు పడ్డ జీవుల పూర్వీకులు పలకలు ధరించే ఉన్నారన్నమాట.

ఆ ఏడు అనే సంఖ్య కూడా ఆసక్తికరమైనదే. కైటాన్ పిల్లలలో సాధారణంగా ఏడు పలకలు ముందు ఏర్పడి, ఎనిమిదోది తర్వాత వస్తుంది. 1890లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ప్రూవో ఒక సోలెనోగాస్టర్ డింభకం, అంటే ఇంకా ఎదగని పిల్ల జీవి, వీపు మీద ఏడు సున్నపు పలకలు చూశానని రాశాడు. తర్వాత వెతికినవారెవరికీ అవి కనబడలేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా లెక్కించడం లేదు, నేనూ లెక్కించను. 2013లో వచ్చిన సాక్ష్యం అంతకంటే గట్టిది. వైరీనియా అనే సోలెనోగాస్టర్ డింభకాలలో కండరాల అమరికను పరిశీలించగా, ఎదిగిన జీవిలో లేని కొన్ని కండరాలు డింభక దశలో ఏర్పడి తర్వాత మాయమవుతున్నాయని, వాటి అమరిక కైటాన్ కండరాలను పోలి ఉందని తేలింది. పలకలు పోయినా, ఆ పలకలున్న కాలపు కండరాలు కొన్నాళ్లపాటు ఒంట్లో కనిపించి వెళుతున్నాయి.

పైన వంశవృక్షం కుదిరింది కానీ, లోపల సోలెనోగాస్టర్ల వర్గీకరణ ఇంకా కుదుటపడలేదు. సాల్వీని-ప్లావెన్ వీటిని నాలుగు క్రమాలుగా (ఆర్డర్లుగా) విభజించారు, అందుకు ముఖ్య ఆధారం ముళ్ల తీరు, అవభాసిని మందం. లోపల బోలుగా ఉండే సూదులున్నవన్నీ కేవిబెలోనియా అనే క్రమంలోకి వెళ్లాయి. 2019లో కోకాట్ బృందం జన్యువులతో పరీక్షిస్తే ఆ క్రమం ఒకే కొమ్మగా నిలవలేదు, సభ్యులు వేర్వేరు చోట్ల తేలారు. అదే పరిశోధనలో అంటార్కిటికా బురదలో దొరికిన ఒక వింత జీవిని అపోడోమీనియా ఎనిగ్మాటికా అని వర్ణించారు. దానికి పాదం లేదు, బురదలో తొలుచుకుని ఉంటుంది, బయటి నుంచి చూస్తే కాడోఫోవియేట్లలో పెట్టాలనిపిస్తుంది. జన్యువులు దాన్ని సోలెనోగాస్టర్ల మధ్య నిలబెట్టాయి.

ఇలాంటి ఒక్క జీవిని ఏ జాతో తేల్చడానికి పడే పాటు మామూలుది కాదు. ముందు ఒంటి మీది ముళ్లను కొన్ని విడదీసి ధ్రువిత కాంతిలో, అంటే ఒకే దిశలో కంపించే వెలుతురులో చూడాలి; తర్వాత ఆమ్లంతో సున్నాన్ని కరిగించి, శరీరాన్ని రెజిన్‌లో పోతపోసి, కొన మొదలు కొన దాకా పలుచని కోతలుగా కోసి, వరుస తప్పకుండా గాజు పలకల మీద అతికించి రంగు వేయాలి. ఆ కోతల్లో నోటి గ్రంథుల తీరు, రాడ్యులా ఆకారం, జననేంద్రియాల నాళాలు చూసిన తర్వాతే కుటుంబం పేరు చెప్పగలరు. కొన్ని మిల్లీమీటర్ల జీవికి రోజుల తరబడి పని, పైగా ఆ పని తెలిసినవారు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. అందుకే లోతు సముద్రపు యాత్రల నుంచి వచ్చిన సోలెనోగాస్టర్లలో చాలా భాగం మ్యూజియం సీసాల్లో ఆల్కహాలులో మునిగి, జాతి పేరు లేకుండా విభాగం పేరు మాత్రమే రాసిన చీటీతో ఎదురుచూస్తున్నాయి.