పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ రాసి అమ్ముకోవచ్చా? లైసెన్సులు విప్పి చూశా

నమస్కారం అండీ. కూకట్‌పల్లిలో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. పక్కన అపార్ట్‌మెంట్ లేస్తోంది, మధ్యలో డ్రిల్లింగ్ మోత వస్తే కాస్త సర్దుకోండి.

ఈసారి ఫోనో ల్యాప్‌టాపో కాదు, లైసెన్సుల రివ్యూ. వెళ్ళిపోకండి, ఇందులో డబ్బుల సంగతి ఉంది. మా తమ్ముడు బేగంబజార్‌లో హోల్‌సేల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాడు. బిల్లు మీద అంకెతో పాటు అక్షరాల్లో కూడా, అదీ తెలుగులో, మొత్తం పడాలని షావుకార్లు అడిగారు. వాడు దానికో పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ రాశాడు, అంటే పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్. స్క్రీన్ చూడండి: 1,20,000 ఇస్తున్నా. 'లక్షా ఇరవై వేల రూపాయలు' అని వచ్చింది. 'ఒక లక్ష ఇరవై వేలు' అని మెషీన్ తెలుగు రాలేదు, గమనించారా? ఆ ఒక్క 'లక్షా' కోసం వాడు రెండు రాత్రులు కూర్చున్నాడు.

"అన్నా, పోస్ట్‌గ్రెస్ ఫ్రీ కదా, దాని మీద రాసింది అమ్మితే కేసవుతుందా?" అని వాడి టెన్షన్. అందుకే లైసెన్స్ ఫైల్ తెరిచాం.

చాలా చిన్న ఫైల్. అందరూ తడబడేది ఇక్కడే, 'వితవుట్ ఫీ' అన్న రెండు మాటల దగ్గర. 'ఫీజు తీసుకోకుండా ఇవ్వాలి' అని చదువుకుంటారు. నేనూ మొదట అలాగే చదివాను. కానీ వాక్యం మొదటి నుంచి చదివితే, వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచడానికి మీరు వాళ్ళకి ఫీజు కట్టక్కర్లేదు అని అర్థం. మీరు మీ కస్టమర్ దగ్గర ఎంత తీసుకుంటారో అది మీ ఇష్టం. పోస్ట్‌గ్రెస్ కోడ్‌ని కూడా కలిపి పంచితే, వాళ్ళ కాపీరైట్ నోటీసు, ఆ లైసెన్స్ పేరాలు తీసేయకూడదు, అంతే. లైసెన్స్ పరంగా పదికి పది.

మీ ఎక్స్‌టెన్షన్‌లో వేరేవాళ్ళ కోడ్ కలిస్తే మాత్రం వాళ్ళ లైసెన్స్ కూడా చూసుకోవాలి. మ్యాపుల కోసం వాడే పోస్ట్‌జీఐఎస్ అనే ఎక్స్‌టెన్షన్ జీపీఎల్ అనే లైసెన్స్ కింద ఉంది. జీపీఎల్ అమ్మకాన్ని ఆపదు, కానీ కొన్నవాళ్ళకి సోర్స్, అంటే రాసిన అసలు కోడ్, ఇవ్వాలి, వాళ్ళు దాన్ని ఇంకొకరికి ఇచ్చేసినా మనం కాదనలేం. పీజీవెక్టర్ అనే ఇంకో ఎక్స్‌టెన్షన్‌తో ఆ బాధ లేదు, అది పోస్ట్‌గ్రెస్ లైసెన్సే.

మరి కోడ్ దాచుకోవడం? తమ్ముడు మొదటి వెర్షన్ పోస్ట్‌గ్రెస్ సొంత భాష పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్‌లో రాశాడు. సరే, నేను కస్టమర్‌ని అనుకోండి. ఫంక్షన్ కోడ్ చూపించే కమాండ్ కొడుతున్నా: బ్యాక్‌స్లాష్ ఎస్ఎఫ్, స్పేస్, ఫంక్షన్ పేరు, ఎంటర్. ఇదిగో, మొత్తం కోడ్ కామెంట్లతో సహా! వాడి మొహం చూడాల్సింది.

దాచాలంటే సీ భాషలో రాసి, కంపైల్ చేసి, అంటే మెషీన్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చి, ఆ డాట్ ఎస్ఓ ఫైల్ ఇవ్వాలి. రాశాడు. అసలు పని అప్పుడు మొదలైంది. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 15 మీద కంపైల్ చేసిన ఫైల్‌ని 16లో పెడితే 'ఇన్‌కంపాటిబుల్ లైబ్రరీ' అని మొహం మీదే చెప్పేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కి ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 5 ఏళ్ళ సపోర్ట్ ఉంటుంది. అంటే ఎప్పుడు చూసినా 5 వెర్షన్లకి బిల్డ్‌లు, అంటే కంపైల్ చేసిన ఫైళ్ళు, సిద్ధంగా ఉండాలి. ఒక కస్టమర్ సర్వర్‌లో ఉబుంటు లినక్స్, ఇంకొకరి దాంట్లో రెడ్ హ్యాట్ లినక్స్ ఉంటే 10. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ 10.

ఇంకో చిక్కు. డేటాబేస్ సొంత సర్వర్ మీద కాకుండా అమెజాన్ అద్దెకిచ్చే డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్ లాంటి చోట ఉంటే, వాళ్ళ లిస్టులో లేని డాట్ ఎస్ఓని మీరు ఎక్కించలేరు. అమెజాన్ 2022లో పీజీ టీఎల్ఈ అని ఒక దారి తెరిచింది, దాంతో సొంత ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు. కానీ ఎస్‌క్యూఎల్, పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ లాంటి నమ్మకమైన భాషల్లో రాసిందే పెట్టనిస్తుంది. అంటే ఇందాక బ్యాక్‌స్లాష్ ఎస్ఎఫ్‌తో బయటపడిందే! దాస్తే అక్కడికి ఎక్కదు, ఎక్కితే దాగదు.

పెద్దవాళ్ళు ఏం చేశారో కూడా చూశాం. టైమ్‌స్కేల్‌డీబీ అని ఒక కంపెనీ చేసిన పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ ఉంది, దాని కోడ్ తెరిస్తే టీఎస్ఎల్ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ బయటిది అపాచీ లైసెన్స్, ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. లోపలిది వాళ్ళ సొంత లైసెన్స్: సోర్స్ చదవొచ్చు, మీ పనికి ఉచితంగా వాడొచ్చు, కానీ డేటాబేస్ సర్వీస్‌గా పెట్టి అమ్మకూడదు. అద్దెకిచ్చే క్లౌడ్ వాళ్ళకి మాత్రమే తాళం అన్నమాట. తెలివైనదే, ఎనిమిది ఇస్తా. కానీ అలాంటి లైసెన్స్ రాయించడానికీ, ఎవరైనా మీరితే కోర్టుకెళ్ళడానికీ లాయర్ ఖర్చు ఉంటుంది. తమ్ముడి దగ్గర అంత సీన్ లేదు.

చివరికి వాడు ఫైల్ అమ్మడం మానేశాడు. సోర్స్ పోస్ట్‌గ్రెస్ లైసెన్స్ కిందే పెట్టి, షాపులతో ఏడాదికోసారి ఒప్పందం రాసుకుంటున్నాడు: కొత్త వెర్షన్ వస్తే బిల్డ్ వాడిది, బిల్లు తప్పు పడితే ఆ రోజే సరిచేయడం వాడిది. నేను వద్దన్నా. షావుకారు కొడుకు కంప్యూటర్ కోర్సు చేశాడు, తనే కంపైల్ చేసుకుంటాడేమో అని నా అనుమానం. "ఒకసారి చేసుకోమను అన్నా, తర్వాత వాళ్ళే ఫోన్ చేస్తారు" అంటున్నాడు వీడు.

ఒక షాపు అప్పుడే రెండో ఏడాదికి చెక్కు ఇచ్చింది. ఇదిగో, కెమెరాకి చూపిస్తున్నా, పేరు మీద వేలు పెట్టా. అక్షరాల్లో రాసిన మొత్తం చూడండి, ఇంగ్లీషులో రాశారు!