వెంట వెళ్ళేవాళ్ళ సంగతి

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

నిర్వాహకులు కరపత్రంలో "విదేశాల్లో స్థిరపడటం ఎలా" అని వేశారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. నేను జర్మనీలో కొన్నేళ్ళు ఉండి బరంపురం తిరిగొచ్చాను. ఉద్యోగం మా ఆయనది, నేనూ మా పాపా వెంట వెళ్ళాం. ఉద్యోగం వచ్చినవాడికి ఆఫీసు ఉంటుంది, అడగడానికి మనుషులుంటారు. వెంట వెళ్ళేవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పరు. అందుకని నేను వాళ్ళ సంగతే మాట్లాడతాను.

వలస వెళ్ళడం మన గంజాం జిల్లాకు కొత్తేం కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి మన తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళారు. అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, ఆ మరుసటి ఏడాది వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. ఈ ఊళ్ళో పుట్టిన వి.వి. గిరిగారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. తర్వాత మన కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాలకు వెళ్ళారు, గల్ఫ్‌కు వెళ్ళారు. ఎక్కువగా వరస ఒకటే. మగవాడు వెళ్తాడు, డబ్బు పంపుతాడు, సంసారం ఇక్కడే ఉంటుంది. పెళ్ళాం పిల్లలతో సహా వెళ్ళి కాపురం పెట్టడం మన ఇళ్ళల్లో చాలావరకు ఈ తరంతోనే మొదలు. రంగం వెళ్ళొచ్చిన తాతకు సముద్రం తెలుసు, కూలి రేటు తెలుసు. పసిపిల్లను ఏ బడిలో వెయ్యాలో ఆయనకు తెలిసే అవకాశమే లేదు. మనకు ఇంట్లో అడగడానికి పెద్దదిక్కు లేదన్నమాట.

ముందు కాగితాలు. ఇక్కడ ఒడిశా-ఆంధ్ర సరిహద్దువాళ్ళకు ఉన్న తలనొప్పి ఇంకెవరికీ ఉండదు. మన పేర్లు ఒడియాలో ఒకలా, ఇంగ్లీషులో ఒకలా ఉంటాయి. వెంకటరావు ఓటరు లిస్టులో బెంకట్ రావు అవుతాడు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. పాస్‌పోర్టుకు అప్లై చేసేటప్పుడు ఇంటిపేరు గడిలో ఏం నింపాలో తెలీక భర్త "రావు" అని నింపుతాడు, భార్య ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది, పిల్లాడికి మాత్రం తాతగారు అసలు ఇంటిపేరు పెట్టిస్తారు. ఒకే ఇంట్లో మూడు పాస్‌పోర్టులు, మూడు వేరే కుటుంబాలు! వీసా ఇచ్చేవాడు వీళ్ళు ఒక కుటుంబమని నమ్మాలంటే పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల జనన ధ్రువపత్రం ఉండాలి, వాటిలో పేర్లు పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. శ్రీకాకుళంలో గుళ్ళో పెళ్ళి చేసుకుని రిజిస్టర్ చేయించనివాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఆగకండి, వచ్చే వారమే ఆ పని మొదలుపెట్టండి.

ఇంకొకటి. జర్మనీ వీసా విషయంలో ఒడిశా కలకత్తాలోని జర్మనీ కాన్సులేట్ కిందికి వస్తుంది, ఆంధ్ర చెన్నై కిందికి వస్తుంది. ఇచ్ఛాపురంలో ఉన్న మీ బావమరిది చెన్నై గురించి చెప్పిన సలహాలు మీకు పనికిరాకపోవచ్చు. కాగితం అసలైనదేనని మన ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర చాలా దేశాల్లో చెల్లుతుంది గానీ జర్మనీ దాన్ని ఒప్పుకోదు. కాగితం మీద అనుమానం వస్తే అది పుట్టిన ఊరికే మనిషిని పంపి విచారణ చేయిస్తారు. దానికి నెలలు పట్టొచ్చు. ఏజెంటు "అన్నీ నేను చూసుకుంటా" అంటాడు. పేరు తప్పును మాత్రం వాడు చూసుకోలేడు.

దిగాక ఏమవుతుంది? ఇల్లు దొరకడమే గగనం. దొరికిన ఇల్లు ఖాళీ అంటే నిజంగానే ఖాళీ. చాలా ఇళ్ళల్లో వంటగదిలో సింకూ స్టవ్వూ కూడా ఉండవు, పాతవాళ్ళు ఊడదీసుకుని పోతారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి ఇంటిల్లిపాదీ పేర్లు నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. అది జరిగితేనే పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఇక్కడే మళ్ళీ పేరు గొడవ. అక్కడ పోస్ట్‌మాన్ ఉత్తరాల డబ్బా మీద ఉన్న పేరు చూసి వేస్తాడు. డబ్బా మీద "రావు" అని ఒక్కటే అంటిస్తే భార్య పేరున వచ్చిన ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, వీసా ఆఫీసు పిలుపు, బడి సీటు అన్నీ ఉత్తరాలే. కాబట్టి దిగిన రోజే డబ్బా మీద ఇంట్లోవాళ్ళందరి పేర్లూ అంటించండి.

ఆదివారం షాపులు మూసేస్తారు. రాత్రి పది దాటితే చప్పుడు చెయ్యకూడదు, ఆదివారమైతే రోజంతా చెయ్యకూడదు. ఇడ్లీ పిండి శనివారమే రుబ్బుకోండి. లేకపోతే మిక్సీ తిరగడం మొదలుపెట్టిన రెండో నిమిషంలో కింది ఇంటి ముసలావిడ తలుపు కొడుతుంది. మంచావిడే, రూల్ చెప్పడానికి వస్తుంది.

ఇప్పుడు ఆడవాళ్ళకు. భర్త బ్లూ కార్డు మీద, అంటే డిగ్రీ చదివిన ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్ మీద వెళ్తుంటే భార్యకు భాష పరీక్ష అడగరు, వెళ్ళిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. చాలామందికి ఈ రెండోది తెలీదు. "నాది డిపెండెంట్ వీసా, నేను పని చెయ్యకూడదు" అనుకుని ఇంట్లో కూర్చుండిపోతారు. అమెరికా లెక్క వేరు, దాన్ని తెచ్చి జర్మనీకి అంటగట్టకండి. మీ డిగ్రీ అక్కడ చెల్లుతుందో లేదో అనబిన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇక్కడినుంచే చూసుకోవచ్చు. పరీక్ష అడగకపోయినా భాష మాత్రం మొదటి మెట్టు వరకైనా నేర్చుకునే వెళ్ళండి. భర్తకు ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది. పిల్లల డాక్టరు దగ్గర ఫోనెత్తే అమ్మాయికి ఇంగ్లీషు రాకపోతే ఆ టెన్షన్ మీదే. బ్యాంకు ఖాతా మీ పేరున ఒకటి ఉండాలి, ఇంటి అగ్రిమెంటులో మీ పేరుండాలి. ఈ మాట నేను చెబుతుంటే మగవాళ్ళు కొంతమంది నవ్వుతున్నారు. నవ్వండి, పేరు మాత్రం రాయించండి.

ఆరోగ్య బీమా విషయంలో చవక చూసి ఆశపడొద్దు. ప్రభుత్వ బీమాలో భర్త కట్టే చందాతోనే సంపాదన లేని భార్యకూ పిల్లలకూ కవరవుతుంది. ప్రైవేటు బీమా ఒంటరివాడికి చవగ్గా కనిపిస్తుంది గానీ, కుటుంబమొచ్చాక తలకింతని కట్టాలి.

కాన్పు గురించి చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో దీన్నిబట్టే సగం నిర్ణయాలు జరుగుతాయి. అమెరికాలోలాగా అమ్మ వచ్చి ఆరు నెలలుండి పురుడు పోస్తుందనుకోకండి. విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. కాన్పుకు ముందే వచ్చేస్తే బిడ్డకు మూడు నెలలు నిండకముందే అమ్మ విమానం ఎక్కాల్సొస్తుంది. కాన్పయ్యాకే రమ్మనండి. ఆ లోటును వాళ్ళు ఇంకోలా తీరుస్తారు. హేబామె అని మంత్రసాని ఉంటుంది. కాన్పయ్యాక ఇంటికొచ్చి బిడ్డ బరువు చూస్తుంది, పాలు పట్టడం చూపిస్తుంది, తల్లి ఏడిస్తే కూర్చుని వింటుంది. ఖర్చు బీమాదే. కాకపోతే ఆవిడను కడుపుతో ఉన్న మొదటి నెలల్లోనే మాట్లాడుకోవాలి, తర్వాత ఎవరూ దొరకరు. బిడ్డ పుట్టాక ఏడాదిలోగా అక్కడున్న మన భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించండి. వాయిదా వేస్తే పౌరసత్వం దగ్గర చిక్కొస్తుంది.

పిల్లల బడి. అక్కడ మీజిల్స్ టీకా పడినట్టు రుజువు లేకపోతే చిన్నపిల్లల బడిలో చేర్చుకోరు. టీకాల కార్డు పారెయ్యకండి. చిన్నపిల్లల బడిలో మొదటి రెండుమూడు వారాలు తల్లో తండ్రో లోపలే కూర్చోవాలి, పిల్ల అలవాటుపడ్డాక కొంచెం కొంచెంగా వదులుతారు. ఆ రోజులకు సెలవు మిగుల్చుకోమని ఆయనకు ముందే చెప్పండి. మా పాప బడిలో నెలల తరబడి నోరు విప్పలేదు. ఒకరోజు ఇంటికొచ్చి బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి వాటిని జర్మన్‌లో కసిరింది. అప్పుడు నాకు ఊపిరొచ్చింది. టీచర్లు కూడా ఇంట్లో మీ భాషే మాట్లాడమంటారు. బరంపురం పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, బడిలో ఇంగ్లీషు ఎలాగూ ఉన్నవే, ఇంకొకటి వాళ్ళకు బరువు కాదు. నా భయం చదువు రాయడం గురించి. తెలుగు గలగలా మాట్లాడి, అక్షరం మాత్రం గుర్తుపట్టలేని పిల్లలు ఈ ఊళ్ళోనే ప్రతి వీధిలో ఉన్నారు. ఇక్కడ రెండు తరాలు పట్టింది, అక్కడ ఒక్క తరంలో అయిపోతుంది. సూట్‌కేసులో పచ్చడి సీసా ఒకటి తగ్గించి రెండు వాచకాలు పెట్టండి.

ఇక్కడ మిగిలిపోయే అత్తమామలు, అమ్మానాన్నలు కూడా ఈ లెక్కలోవాళ్ళే. 2024 మార్చి 1 నుంచి మొదటి పర్మిట్ తీసుకున్న నిపుణులు తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చని చట్టం ఒక దారి తెరిచింది. కానీ ఆ వయసులో అక్కడ ఆరోగ్య బీమా దొరకడం చాలా కష్టం, దొరికినా ఖరీదు. అందుకని ఎక్కువమంది ఇక్కడే ఉంటారు. మా అత్తగారి కోసమే నేను తిరిగొచ్చాను, ఆ నిర్ణయం గురించి నాకేం బాధ లేదు. మీరు వెళ్ళేముందు ఇంటి పన్ను, కరెంటు బిల్లు, ఆసుపత్రి ఫైలు ఎవరు చూస్తారో మనిషి పేరుతో సహా తేల్చుకోండి. "తమ్ముడున్నాడుగా" అంటే సరిపోదు, తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడగాలి. బ్యాంకులో మీ ఖాతాను ఎన్.ఆర్.ఓ.గా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా మార్పించుకోండి, పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే ఏ పనికి ఇస్తున్నారో ఆ పని వరకే రాయండి.

నా దగ్గరున్నది ఇంతే. పాస్‌పోర్టులు తెచ్చుకున్నవాళ్ళు ఇటువైపు కూర్చోండి, ముందు ఇంటిపేరు గడి చూద్దాం. మిగతావాళ్ళు ఏమైనా అడగండి. వీసా ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి, అది కలకత్తావాళ్ళకే తెలియాలి.