చంపితే డ్రా, చంపకపోతే చెక్: ఎవాన్స్ ఏనుగు కథ

[స్క్రీన్ మీద చదరంగం బోర్డు. తెల్లవైపు లారీ ఎవాన్స్, నల్లవైపు శామ్యూల్ రెషెవ్‌స్కీ]

న్యూయార్క్‌లో జరిగిన 1963-64 అమెరికా ఛాంపియన్‌షిప్ అనగానే చెస్ వాళ్లకి బాబీ ఫిషర్ గుర్తొస్తాడు. 11 ఆటలు, 11 గెలుపులు. కానీ ఆ టోర్నీలో నాకు బాగా నచ్చిన ఆట ఫిషర్‌ది కాదు, ఈ డ్రా.

ఇక్కడ ఎవాన్స్ పని దాదాపు అయిపోయింది. బలగం తక్కువ. మనలో చాలామంది ఈపాటికి ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపేస్తాం. ఆయన మాత్రం 47వ ఎత్తులో ఒక బంటుని హెచ్4 గడికి తోశాడు (బోర్డు మీద ప్రతి గడికీ ఇలా ఒక అక్షరం, ఒక అంకెతో పేరుంటుంది). చూడ్డానికి దిక్కుతోచక వేసిన ఎత్తులా ఉంటుంది. అసలు కిటుకు అక్కడే ఉంది.

రెషెవ్‌స్కీ ఏనుగుతో ఇ2లో చెక్ పెట్టాడు. ఎవాన్స్ రాజు హెచ్1 మూలకి జరిగాడు. తప్పించుకోడానికి కాదు, ఇరుక్కోడానికి!

[ఇక్కడ ఒక్క నిమిషం పాజ్]

మీ వంతు వచ్చింది, రాజుకి చెక్ లేదు, కానీ వేయడానికి ఒక్క ఎత్తు కూడా లేదు. అది స్టేల్‌మేట్, అంటే డ్రా. బలగం ఎంత తేడా ఉన్నా సరే.

రెషెవ్‌స్కీ మంత్రిని జి6కి జరిపి ఉంటే ఆట ఆయనదే. ఆయనేమో అదే మంత్రితో జి3లో కొట్టాడు. ఇప్పుడు తెల్లవైపు చూడండి. బంటులన్నీ బిగుసుకుపోయాయి, రాజుకి అడుగు పెట్టే చోటు లేదు. కదలగలిగేవి మంత్రి, ఏనుగు మాత్రమే. ఆ రెండూ పోతే చాలు!

[మంత్రి జి8కి, చెక్]

ఎవాన్స్ తన మంత్రిని నేరుగా నల్ల రాజు పక్కన పెట్టాడు. ఆ రాజు చంపాడు. ఒకటి వదిలింది.

[ఏనుగు జి7 బంటుని కొట్టి, చెక్]

రాజుతో చంపితే స్టేల్‌మేట్. మంత్రితో చంపినా స్టేల్‌మేట్. పోనీ చంపకుండా రాజు పక్కకి జరిగితే? ఎఫ్8కి వెళ్తే ఏనుగు ఎఫ్7లో చెక్. హెచ్8కి వెళ్తే హెచ్7లో చెక్. రాజు ఎటు పోతే అటు వచ్చి, చంపుకోమని పక్కనే నిలబడుతుంది. అంత పట్టు వదలని ఏనుగు కాబట్టే దానికి చెస్ లోకంలో ‘శాశ్వత ఏనుగు’ అని పేరు పడింది.

50వ ఎత్తుతో ఆట డ్రా. ఎవాన్స్‌కి దక్కింది అర పాయింటే. అయితే టోర్నీ ముగిసేసరికి ఆయన 7.5 పాయింట్లతో రెండో స్థానంలో ఉన్నాడు. మూడో స్థానంలో పాల్ బెంకో, 7 పాయింట్లు.