వంటగట్టుకు బండ కొనే ముందు చెంచాడు చింతపండు రసం

నమస్కారం. బండల దుకాణానికి వెళ్లి నల్లగా, నున్నగా మెరుస్తున్న ఏ పలకను చూపించి అడిగినా "గ్రానైటే, దీనికేమీ కాదు" అనే సమాధానం వస్తుంది. ఆ ఒక్క మాట మీద నాకున్న చిరాకే ఈ వీడియోకు కారణం. హనుమకొండలోని మా ఇంటి వంటగదిని మళ్లీ కట్టించినప్పుడు ఆ మాట నమ్మి, పొయ్యి పక్కనున్న చిన్న గట్టుకు ఒక నల్లబండ వేయించాము. మూడు వారాలు గడవకముందే పచ్చిపులుసు గిన్నె పెట్టిన చోట, గిన్నె అడుగు ఎంత ఉందో అంతే కొలతతో బూడిదరంగు వలయం ఏర్పడింది. అది మరక అనుకుని మా అమ్మ నిమ్మచెక్కతో గట్టిగా తోమింది; మరునాటికి వలయం కాస్తా అరచేయంత మచ్చ అయింది.

అది మరక కాదు. అక్కడ బండ మీది మెరుగు పోయింది. మేము గ్రానైట్ అనుకుని కొన్నది కడప బండ, అంటే నల్లటి సున్నపురాయి. సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం దానిని కరిగిస్తాయి. నున్నటి పైపొర కరిగి గరుకుగా మారిన చోట వెలుగు తిన్నగా ప్రతిఫలించక చెదిరిపోతుంది కాబట్టి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. కడప బండను నేను తప్పుపట్టడం లేదు. గట్టు కింద అరలకు, బియ్యం డబ్బాలు పెట్టుకునే చోటుకు దానికంటే చవకైన మంచి బండ దొరకదు. పులుసు ఒలికే చోట వేయడమే పొరపాటు.

అందుకే ఈ రోజు నా ముందు ఐదు బండ ముక్కలు, ఒక గిన్నెలో చిక్కటి చింతపండు రసం పెట్టుకున్నాను. ఒక తెల్లటి గ్రానైట్ ముక్క మీద మాత్రం పులుసు కాకుండా నాలుగు చుక్కల నీళ్లు వేసి పక్కన పెడుతున్నాను. దాని సంగతి చివర్లో చూద్దాము.

మొదటి చెంచా కడప బండ మీద పోశాను. పావుగంట తరువాత తుడిచి, ముక్కను కిటికీ వైపు వాల్చి చూడండి: రసం పరుచుకున్న అంచు వరకు మెరుపు పోయింది. రెండవ చెంచా తెల్లటి పాలరాయి మీద పోశాను. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి ఫలితం అదే, పైగా పసుపు మరక అదనం. రోజూ చారో పులుసో కాచుకునే ఇంట్లో వంటగట్టుకు పాలరాయి వేయించుకోవడం, నా దృష్టిలో, తెల్లటి పట్టుచీర కట్టుకుని మామిడికాయ తొక్కు కలపడానికి కూర్చోవడమే.

మూడవది మన కరీంనగర్ క్వారీల నుంచి వచ్చే ట్యాన్ బ్రౌన్ గ్రానైట్. దీనిలో ఉండే ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఖనిజాలను వంటింటి ఆమ్లాలు ఏమీ చేయలేవు. పావుగంట కాదు, రాత్రంతా రసం ఉంచినా దీని మెరుపు తగ్గదు. గట్టిదనంలోనూ తేడా ఉంది. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర ఉంటాయి. సున్నపురాయిలోని కాల్సైట్, అంటే ఖనిజ రూపంలోని కాల్షియం కార్బొనేట్, 3 మాత్రమే. కాబట్టి దుకాణంలో పులుసు పోసి చూడడం మొహమాటంగా ఉంటే, చిన్న ముక్క అడిగి తీసుకుని దాని అంచు మీద చాకుమొన గట్టిగా గీయండి. సున్నపురాయి అయితే తెల్లటి పొడి రాలుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దుకాణాలలో బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్మే మంచి నల్లరాళ్లు కూడా భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైట్లు కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే గెలాక్సీ రాయి గాబ్రో జాతిది. 1213 నాటి మన రామప్ప గుడిలో అద్దంలా నునుపు తేలిన నల్లటి మదనికలు డోలరైట్ రాతివి. ఈ రాళ్లు పులుసుకు లొంగవు కాబట్టి వంటగట్టుకు నిశ్చింతగా వాడవచ్చు. పేరులో పొరపాటు ఉన్నా పనిలో లేదు. అసలు చిక్కల్లా అదే పేరు చాటున సున్నపురాయి కూడా అమ్ముడుపోవడమే.

నాలుగవ ముక్క క్వార్ట్జ్ పలక. ఇది గని నుంచి ఈ రూపంలో రాదు. తొంభై శాతానికి పైగా క్వార్ట్జ్ పొడిని, రేణువులను రెజిన్ అనే జిగురుతో కలిపి కార్ఖానాలో అచ్చు వేస్తారు. పులుసు దీనిని ఏమీ చేయదు, నూనె పీల్చదు. అయితే ఆ జిగురు వేడికి ఓర్చుకోలేదు. సర్వపిండి కాల్చిన గంజును పొయ్యి మీద నుంచి దించి నేరుగా దీని మీద పెడితే రంగు మారవచ్చు, పలక పగలనూవచ్చు. ఎండ తగిలితే జిగురు పసుపుబారుతుంది కనుక పెరటి వైపు గిన్నెలు తోముకునే గట్టుకు ఇది అసలే పనికిరాదు. సంక్రాంతి సకినాల మూకుడు ఎక్కడ దించుతారో ముందుగా ఆలోచించుకున్న తరువాతే దీనికి డబ్బు కట్టండి.

సమయం తక్కువగా ఉంది కాబట్టి సింకు, నల్లా గురించి త్వరగా చెబుతాను. సింకుకు 304 రకం స్టీలు అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని చెప్పేవారిని నమ్మకండి, ఎందుకంటే చవకైన 202 రకానికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. ఉప్పు, పులుపు కలిసిన గిన్నెలు రాత్రంతా సింకులో నానితే ముందుగా తుప్పు మచ్చలు పడేది ఆ 202కే. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలుచబడుతుందని కూడా గుర్తుంచుకోండి: 18 గేజ్ సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 గేజ్ దానికంటే పలుచన.

నల్లా విషయానికి వస్తే, డాబా మీది ట్యాంకు నల్లా కంటే మూడు మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే పీడనం దాదాపు 0.3 బార్ మాత్రమే. బయటికి లాగే గొట్టం ఉన్న ఖరీదైన నల్లాలలో చాలావాటికి అంతకంటే ఎక్కువ కావాలి కాబట్టి, పెట్టె మీద రాసిన కనీస పీడనం చదవకుండా కొనకండి. బోరు నీళ్ల ఇళ్లలో నల్లా మూతి జాలీకి పట్టే తెల్లటి గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే, అంటే మన కడప బండ పదార్థమే. జాలీని విప్పి అరగంట సేపు ఇదే చింతపండు రసంలో నానబెట్టండి. మా గట్టును తినేసిన రసమే ఆ గారనూ తినేస్తుంది.

బండ కోసే ముందే మేస్త్రీకి చెప్పి గట్టు ముందంచు కింద సన్నటి గాడి తీయించండి. అది లేకపోతే ఒలికిన నీళ్లు అంచు కిందుగా పాకి చెక్క తలుపులలోకి దిగుతాయి.

ఇక మొదట్లో పక్కన పెట్టిన తెల్లటి గ్రానైట్ ముక్క. నీటిచుక్కలు తుడిచాను, కాని నాలుగు చోట్లా రాయి ముదురు రంగుకు తిరిగి ఉంది. మెరుపు పోలేదు, రాయి నీళ్లు పీల్చుకుంది. నీళ్లను ఇలా పీల్చే రాయి పోపులోని నూనెనూ, పసుపునూ పీల్చుకుంటుంది కాబట్టి దీనికి సీలర్, అంటే రాతిలోని సన్నటి రంధ్రాలను మూసే పూత, పూయించవలసిందే. ఇదే పరీక్షను ట్యాన్ బ్రౌన్ ముక్క మీద నిన్న చేశాను, జాడ కూడా మిగలలేదు. మా చిన్న గట్టుకు ఈసారి ఆ బండే చెప్పి వచ్చాను.