షాబొనాకు దక్కని పట్టా

సభకు నమస్కారం.

షికాగో దగ్గర ఆరోరాలో ఉండే తెలుగువాళ్లకు వాబాన్సీ అన్న మాట పరిచయమే. పిల్లలు వెళ్లే ఒక హైస్కూలు పేరులో అది ఉంది. వాబాన్సీ అమెరికా మూలవాసులైన పోటవాటమీ జాతి నాయకుడు. నేను మాట్లాడబోయేది ఆయన కాలంలోనే బతికిన మరో నాయకుడు షాబొనా గురించి. ఆరోరా నుంచి పడమరగా కారులో వెళ్తే గంటలోపే ఆయన పేరుతో ఒక ఊరు, ఒక సరస్సు కనిపిస్తాయి. తెల్లవాళ్లు ఆయన్ని తమ స్నేహితుడని మనసారా చెప్పుకున్నారు. ఆ స్నేహం నిజమైనదే. అయినా అది ఆయన భూమిని కాపాడలేకపోయింది. ఎందుకో చూద్దాం.

షాబొనా పుట్టుకతో ఒడావా అనే మరో మూలవాసి జాతివాడు. పోటవాటమీ అమ్మాయిని పెళ్లాడి, ఆ జాతివాళ్లకే నాయకుడయ్యాడు. 1813 అక్టోబర్ 5న కెనడాలోని థేమ్స్ నది దగ్గర, మూలవాసి జాతులను ఏకం చేసిన నాయకుడు టెకుమ్సే పక్షాన అమెరికన్ సైన్యంతో పోరాడాడు. టెకుమ్సే అక్కడే చనిపోయాడు. ఆ తరువాత షాబొనా అమెరికన్ల మీద మళ్లీ ఆయుధం ఎత్తలేదు. దీన్ని మెతకతనం అనుకుంటే పొరపాటు. అవతలివాళ్ల బలం ఎంతో యుద్ధంలో చూసినవాడు, తనవాళ్లు మిగలాలంటే ఏం చేయాలో తేల్చుకున్నాడు.

1832 ఏప్రిల్‌లో సాక్ జాతి నాయకుడు బ్లాక్ హాక్ తన జనంతో మిసిసిపీ దాటి ఇల్లినాయ్‌లోకి తిరిగి వచ్చాడు. కలిసి రమ్మంటే షాబొనా ఒప్పుకోలేదు. మే 14న బ్లాక్ హాక్ మనుషుల చేతిలో అమెరికన్ మేజర్ స్టిల్‌మన్ దళం ఓడి పారిపోయాక, ఊళ్ల మీద దాడులు తప్పవని ఆయనకు అర్థమైంది. తాను, కొడుకు, మేనల్లుడు గుర్రాలెక్కి వేర్వేరు దారుల్లో వెళ్లి ఇంటింటికీ హెచ్చరిక చేశారు. చాలామంది ఇల్లినాయ్‌లోనే ఉన్న ఒటావా పట్నానికి పారిపోయి బతికారు.

విలియం డేవిస్ మాత్రం కదలలేదు. ఇండియన్ క్రీక్ మీద మిల్లు కోసం ఆయన అడ్డంగా ఆనకట్ట కట్టాడు. గుడ్లు పెట్టడానికి వసంతంలో వాగుకు ఎదురీదే చేపలు ఆ కట్ట దగ్గరే ఆగిపోయాయి. ఎగువనున్న పోటవాటమీ పల్లె తిండికి ఆ చేపల మీదే ఆధారపడింది. చేపలు పోవడానికి దారి వదలమని వాళ్లు అడిగినా డేవిస్ వినలేదు. కట్ట తెంచబోయిన ఒకతన్ని కొట్టాడు. మే నెల మూడో వారం దాటగానే దాడి జరిగింది. 15 మంది చనిపోయారు. హాల్ కుటుంబంలోని సిల్వియా, రేచల్ అనే అక్కచెల్లెళ్లను పట్టుకుపోయి తరువాత విడిచిపెట్టారు. దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది పోటవాటమీలే, బ్లాక్ హాక్ మనుషులు కాదు. అందుకే దీన్ని బ్లాక్ హాక్ యుద్ధంలో ఒక ముక్కగా మాత్రమే చెప్పడం నాకు సరిగా తోచదు. ఇది మొదట నీటి తగాదా. కట్టలో ఒక తూము వదిలి ఉంటే ఆ తగాదాకు మూలమే ఉండేది కాదు.

ఇక భూమి సంగతి. అమెరికా ప్రభుత్వం ఈ జాతులతో చేసుకున్న 1829 నాటి ప్రేరీ డు షీన్ ఒప్పందం మూడో అధికరణంలో, పా పా గ్రోవ్ దగ్గర షాబొనా పల్లె ఉన్న చోట రెండు సెక్షన్లు ఆయనకు, ఆయన బృందానికి కేటాయించారు. సెక్షన్ అంటే మైలు పొడవు, మైలు వెడల్పు, 640 ఎకరాలు. మొత్తం 1,280 ఎకరాలు. కానీ అక్కడ రాసిన మాట ‘వాడుక కోసం’. తరువాతి అధికరణంలో కొందరు మిశ్రమ సంతతివారికి ఇచ్చిన భూములకు రాసింది ‘మంజూరు’ అని. మన రెవెన్యూ భాషలో చెప్పాలంటే ఆయనకు ఇచ్చింది అనుభవం, పట్టా కాదు. చదివేవాళ్లు ఈ రెండు అధికరణాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తేడా అప్పుడే కళ్లకు కడుతుంది.

పైగా అది చెట్లున్న భూమి. చుట్టూ మైళ్ల కొద్దీ గడ్డి మైదానం. ఇంటికి దూలాలు, పొలానికి కంచె, చలికాలానికి కట్టెలు, అన్నీ ఆ తోపు నుంచే రావాలి. అందుకే వలసవచ్చిన రైతుల కళ్లు దాని మీద పడ్డాయి.

1833 షికాగో ఒప్పందం తరువాత పోటవాటమీలను మిసిసిపీ అవతలికి పంపారు. షాబొనా తనవాళ్లను చూడడానికి కాన్సస్ వెళ్లి వస్తుండేవాడు. ఆయన అక్కడ ఉండగా, భూమిని వదిలేసి పోయాడని తేల్చి 1849లో ప్రభుత్వం దాన్ని వేలం వేసింది. అప్పటి ప్రభుత్వ కనీస ధర ఎకరానికి 1.25 డాలర్లు. ఆ లెక్కన 1,280 ఎకరాలకు 1,600 డాలర్లు. కొన్నవాళ్లకు హక్కు పత్రాలు వచ్చాయి. తిరిగొచ్చేసరికి షాబొనా తన తోపులోనే పరాయివాడు.

ఒటావా పట్నంలోని స్నేహితులు చందాలు వేసుకుని మేజన్ వాగు దగ్గర ఆయనకు 20 ఎకరాలు కొనిచ్చారు. అది మంచి మనసే, కాదనను. కానీ 1,280 ఎక్కడ, 20 ఎక్కడ? 1859 జూలైలో ఆయన అక్కడే కన్నుమూశాడు. సమాధి మారిస్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానవాటికలో ఉంది. దాని మీద ఒక పెద్ద బండరాయి పెట్టారు.

పోటవాటమీలు మాత్రం ఆ అధికరణాన్ని మరచిపోలేదు. వాళ్ల వాదన సూటిగా ఉంది. జాతుల భూమిని తీసుకోవాలంటే ఒప్పందమో, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ అనుమతో కావాలి. ఈ రెండు సెక్షన్ల విషయంలో ఆ రెండూ లేవు. ప్రేరీ బ్యాండ్ పోటవాటమీ నేషన్ అక్కడ కొంత భూమిని తన డబ్బుతో తిరిగి కొన్నది. అందులో 130 ఎకరాలను 2024 ఏప్రిల్‌లో ఫెడరల్ ప్రభుత్వం ట్రస్టులోకి తీసుకుంది, అంటే ఆ జాతి కోసం తన పేరిట ఉంచుకుని కాపాడుతుంది. 2025 మార్చిలో ఇల్లినాయ్ గవర్నర్ ఒక చట్టంపై సంతకం చేశారు. సుమారు 1,500 ఎకరాల షాబొనా లేక్ స్టేట్ పార్కును ఆ జాతికి బదిలీ చేయడానికి అది వీలు కల్పిస్తుంది.