మినహాయింపుల గడి ఖాళీగా వదలకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌ దాటుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. మీలో ఎక్కువమంది చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లే. అడ్మినూ మీరే, నెట్‌వర్కూ మీరే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే పిలిచేదీ మిమ్మల్నే. సర్వర్‌ భద్రంగా ఉండేందుకు ఏ సెట్టింగులు మార్చాలో చెప్పే చెక్‌లిస్ట్‌ గురించి నా మాటలు మీకోసమే.

సంక్రాంతికి ఊరెళ్తుంటాం. బస్సు హోస్కోటె దాటాక "గ్యాస్‌ కట్టేశానా?" అని గుండె గుభేలుమంటుంది. కట్టడం తెలియక కాదు. రోజూ చేసే పని కాబట్టే చేశామో లేదో గుర్తుండదు. 1935 అక్టోబరు 30న అమెరికాలో రైట్‌ ఫీల్డ్‌ దగ్గర బోయింగ్‌ 299 విమానం ఎగిరిన కాసేపటికే కూలిపోయింది. నడిపినవాళ్లు ఆరితేరిన పైలట్లు. నేలమీద ఉన్నప్పుడు గాలికి తోక భాగాలు కదలకుండా వేసే బిగింపును తీయడం మరిచారు, అంతే. పైలట్ల చేతికి చెక్‌లిస్ట్‌ వచ్చింది ఆ తర్వాతే.

మన సర్వర్ల సంగతీ అంతే. ఏ పరికరమైనా పెట్టె విప్పగానే పనిచేసేలా తయారై వస్తుంది, భద్రంగా ఉండేలా కాదు. 2016లో మిరాయ్‌ అనే మాల్‌వేర్‌ ఇంటర్నెట్‌లో ఉన్న కెమెరాలను, రౌటర్లను లక్షల్లో చేజిక్కించుకుంది. దాని ఆయుధమల్లా కంపెనీ పెట్టిచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ జతలు అరవై చిల్లర. 2017 మే 12న ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వానాక్రై మాల్‌వేర్‌ విరుచుకుపడేనాటికి, అది వాడుకున్న లోపాన్ని సరిచేసే విండోస్‌ ప్యాచ్‌ వచ్చి దాదాపు రెండు నెలలైంది.

అందుకే మనకూ పైలట్లలా చెక్‌లిస్ట్‌ కావాలి. ఆ జాబితా మీరు మొదటినుంచి రాయనక్కర్లేదు. 2002లో అమెరికా చేసిన ఒక చట్టం ఇలాంటి చెక్‌లిస్టులు తయారుచేసే పనిని అక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు అప్పగించింది. వాళ్ల చెక్‌లిస్టుల భాండాగారం ఎవరైనా చూడొచ్చు. సీఐఎస్‌ అనే లాభాపేక్షలేని సంస్థ ఇచ్చే సెట్టింగుల జాబితాలు, అంటే సీఐఎస్‌ బెంచ్‌మార్కులు, నాకు మరీ ఇష్టం. ఒక్కో సెట్టింగ్‌ ఎందుకు మార్చాలో, మారిస్తే ఏం ఆగిపోవచ్చో, మారిందని ఎలా చూసుకోవాలో అన్నీ రాసి ఉంటాయి. లెవెల్‌ 1తో మొదలుపెట్టండి. లెవెల్‌ 2 మరింత బిగువు, రోజువారీ పనికి అడ్డం రావచ్చు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. చాలా ఏళ్ల కిందట, ఈ ఊళ్లోనే ఒక ఆఫీసులో, చెక్‌లిస్ట్‌ చూసి ఫైల్‌ సర్వర్‌లో ఎస్‌ఎంబీ, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్‌, మొదటి వెర్షన్‌ ఆపేశాను. వానాక్రై చొరబడింది ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం గుండానే. సోమవారం పొద్దున్నే అకౌంట్స్‌ నుంచి ఫోన్‌, స్కాన్‌ చేసిన బిల్లులు ఫోల్డర్‌లోకి రావడం లేదని. వాళ్ల పాత ప్రింటర్‌కు ఆ ప్రోటోకాల్‌ తప్ప మరొకటి తెలియదు. జీఎస్‌టీ గడువు దగ్గర పడుతోంది. తిరిగి ఆన్‌ చేశాను. ఎక్కడా రాయలేదు. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ ప్రింటర్‌ ఎప్పుడో పాతసామాన్లకు వెళ్లిపోయింది. దానికోసం తెరిచిన తలుపు మాత్రం తెరిచే ఉంది. ఎవరూ లోపలికి రాలేదు. అది మా అదృష్టమే గానీ, నా జాగ్రత్త కాదు.

అప్పటినుంచి నా షీట్‌లో ప్రతి వరుస చివర ఇంకో గడి పెట్టాను: మినహాయింపు. ఎందుకు ఇచ్చాం, ఎవరు ఒప్పుకున్నారు, మళ్లీ ఏ తేదీన చూడాలి. తేదీ లేని మినహాయింపును నేను ఒప్పుకోను, మేనేజర్‌ అడిగినా సరే.

మన దేశపు నియమాలు కూడా జాబితాలో చేర్చండి. 2022 ఏప్రిల్‌ 28 నాటి సెర్ట్‌-ఇన్‌ (కేంద్ర ప్రభుత్వ సైబర్‌ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సైబర్‌ ఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు, అంటే మెషీన్లలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలి, గడియారాలు ప్రభుత్వ టైమ్‌ సర్వర్లతో కలవాలి. గడియారం చిన్న విషయమనుకోకండి. ఫైర్‌వాల్‌ ఒక టైమ్‌, సర్వర్‌ ఒక టైమ్‌ చెబుతుంటే ఏది ముందు జరిగిందో తేల్చడానికే ఆ 6 గంటలూ అయిపోతాయి.

ఇంకొక్క మాట. టిక్‌ పెట్టే ముందు మెషీన్‌నే అడగండి. లైనక్స్‌ అయితే సెట్టింగులు తనిఖీ చేసే ఓపెన్‌స్కాప్‌ అనే ప్రోగ్రామ్‌ ఉచితంగా దొరుకుతుంది, ఏది సరిగ్గా ఉందో ఏది లేదో రిపోర్ట్‌ ఇస్తుంది. తనంతట తానే సరిచేసే సదుపాయమూ ఉంది. నడుస్తున్న సర్వర్‌ మీద మాత్రం దాన్ని ముందు వాడొద్దు, టెస్ట్‌ మెషీన్‌ మీద చూడండి. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో కొత్తగా ఇన్‌స్టాల్‌ చేసిన లైనక్స్‌ ఒకటి ఉంది, ఏ సెట్టింగూ మార్చలేదు. దానిమీద నడిపి చూపిస్తాను. ఆ లైటు కాస్త ఆర్పండి.